పాదానికి తెలిసేదాకా

ఉక్కునగరంలో ఆదివారం పొద్దున్న ఆరున్నరకి సెక్టార్ రోడ్ల మీద వాకింగ్ చేసేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. రెండువైపులా చెట్లు, మధ్యన వెడల్పాటి తారురోడ్డు. విశాఖలో కారు నేర్చుకోవడానికి ఇంతకంటే నెమ్మదైన చోటు నాకు తెలీదు. మా మేనకోడలు డ్రైవింగ్ సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఎడమకాలు క్లచ్ మీద ఉంది. మోకాలి దగ్గర్నుంచి ఆ కాలు వణుకుతోంది, పక్క సీట్లో ఉన్న నాకు కూడా కనపడేంతగా. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలింది. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

వెనక బండి లేదు. హారన్ కొట్టినవాళ్లు లేరు. అయినా పిల్ల స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీసి చుడీదార్‌కి తుడుచుకుంది. "నా వల్ల కాదత్తా" అంది.

ఇరవై నాలుగేళ్లు దానికి. ఇంజనీరింగ్ చదివింది, ఉద్యోగం చేస్తోంది. ఇంకో సంగతి, దాని పర్సులో ఏడాది కిందటే తీసుకున్న డ్రైవింగ్ లైసెన్స్ ఉంది. నెల్లాళ్లు ఒక డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంది, టెస్టు పాసైంది, ఆ తర్వాత కారు ముట్టుకోలేదు. ఇలాంటి లైసెన్సులు మన ఊళ్లలో ఎన్ని బీరువాల్లో ఉన్నాయో! అడిగితే అందరూ ఒకే మాట చెబుతారు, "నాకు భయం" అని. అదేదో పుట్టుకతో వచ్చిన గుణమైనట్టు చెబుతారు. నేను పాతికేళ్లు ఫిజియాలజీ పాఠాలు చెప్పినదాన్ని. ఆ మాట నాకు మింగుడుపడదు. భయం శరీరంలో జరిగే పని. ఎక్కడ మొదలవుతుందో, దేన్ని పట్టుకుని పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో చాలావరకు తెలిసిన పని.

ముందు ఆ తడిసిన అరచేతుల సంగతి చూద్దాం. ఒంట్లో మిగతా చోట్ల చెమట ముఖ్యంగా వేడికి పడుతుంది. అరచేతులకీ అరికాళ్లకీ మాత్రం గాభరాకి పడుతుంది. మెదడులో రెండు పక్కలా, కణతల లోపలివైపు, బాదంగింజ ఆకారంలో చిన్న ముద్దలుంటాయి. వాటిని అమిగ్డలా అంటారు. ఆ మాటకి గ్రీకులో బాదం అనే అర్థం. ముప్పు అనిపించేది ఏది ఎదురైనా ముందు అక్కడ గంట మోగుతుంది. అక్కణ్ణుంచి కబురు హైపోథాలమస్‌కి, అక్కణ్ణుంచి నరాల వెంట మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకి వెళ్తుంది. అవి అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం పెద్ద కండరాలకి మళ్లుతుంది. హార్వర్డ్‌లో పనిచేసిన వాల్టర్ కానన్ 1915లో వచ్చిన తన పుస్తకంలో అడ్రినలిన్ చేసే ఈ పనుల్ని వివరించాడు. ఈ ఏర్పాటు శరీరాన్ని పోరాటానికో పరుగుకో సిద్ధం చేస్తుందన్నాడు.

కాలి వణుకు కూడా ఇక్కడిదే. మనందరి కండరాల్లోనూ కంటికి ఆనని సన్నని వణుకు ఎప్పుడూ ఉంటుంది. అడ్రినలిన్ దాన్ని పెంచుతుంది. పరిగెత్తేవాడికి ఆ వణుకుతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా క్లచ్ మీద కాలు పెట్టినవాళ్లకే.

క్లచ్ ఏం చేస్తుందో చాలామందికి ఎవరూ చెప్పరు. నిలబడ్డ బండిలో కూడా ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతూ ఉంటుంది. చక్రాలు మాత్రం కదలవు. తిరిగేదాన్నీ తిరగనిదాన్నీ ఒక్కసారి కలిపేస్తే 800, 900 కిలోల బండిని ఇంజను ఒక్క ఊపున లాగాలి. లాగలేదు, ఆగిపోతుంది. అందుకని మధ్యలో ఒక ప్లేటు పెట్టారు. పెడల్ మీంచి కాలు పైకి తీస్తున్నకొద్దీ ఆ ప్లేటు ఇంజను పక్కనున్న బరువైన చక్రానికి ఆనుతుంది. మొదట జారుతుంది, రాసుకుంటుంది, ఆ రాపిడితోనే బండిని మెల్లగా తనతో తీసుకుపోతుంది. పట్టు దొరికే ఆ చోటు పెడల్ ప్రయాణంలో మహా అయితే రెండు వేళ్ల మందం. పులి వస్తే పరిగెత్తడానికి తయారైన కాలితో ఆ రెండు వేళ్ల మందంలో మెల్లగా కదలమంటున్నాం. బండి గెంతి ఆగిపోవడంలో వింతేముంది?

పిల్లకి నేను ఇదంతా చెప్పలేదు. చెబితే ఇంకా గాభరా పడేది. కారణం మెదడులోనే ఉంది. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగే విషయాలు చాలా తక్కువ. జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఆ సంఖ్య ఏడు, అటూ ఇటూగా రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కని మళ్లీ పరిశీలించి నాలుగుకి దించాడు. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లు ఏమేం గుర్తుంచుకోవాలి? క్లచ్ తొక్కాలి, గేర్ మార్చాలి, ఏ గేర్లో ఉందో తెలియాలి, ఎక్స్‌లేటర్ ఎంత నొక్కాలో చూసుకోవాలి, అద్దం చూడాలి, ఇండికేటర్ వేయాలి, ఎడమపక్క సైకిలాయన్ని గమనించాలి. నాలుగు గదుల ఇంట్లోకి పెళ్లివారంతా దిగినట్టే. "ఆగిపోతుందేమో, తిడతారేమో" అన్న ఆలోచన కూడా అందులో ఒక గది ఆక్రమిస్తుంది. మనం పక్కన కూర్చుని ఇచ్చే సలహా ఇంకో గది. కారు కదులుతుంటే పిల్ల నాతో అన్న మొదటి మాట, "అత్తా, కాసేపు మాట్లాడొద్దు." న్యాయమైన కోరిక.

మనసు ఇలా నిండిపోతే కంటికి కూడా తెలుస్తుంది. మౌరంట్, రాక్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1972లో కొత్త డ్రైవర్ల చూపునీ అనుభవజ్ఞుల చూపునీ పోల్చారు. కొత్తవాళ్లు బండికి బాగా దగ్గరగా ఉన్న రోడ్డునే చూస్తున్నారు, అద్దాలు తక్కువగా చూస్తున్నారు. బానెట్ ముందున్న పదడుగుల రోడ్డునే చూస్తే ఏం కనపడినా అప్పుడే ఊడిపడ్డట్టు ఉంటుంది. దాంతో భయం మరింత పెరుగుతుంది. ఎడింబరోలోని ఒక మెలికల రోడ్డు మీద మైఖేల్ లాండ్, డేవిడ్ లీ 1994లో గమనించింది కూడా ఇక్కడ పనికొస్తుంది. మలుపు వచ్చేసరికి డ్రైవరు కళ్లు స్టీరింగ్ తిప్పడానికి ఒకటి రెండు సెకన్ల ముందే మలుపు లోపలి అంచు మీదికి పోతాయి. చేతులు కళ్ల వెనకాల వెళ్తాయి. సింహాచలం కొండమీదికి బస్సు నడిపే డ్రైవరు తల ఎటు తిరుగుతోందో ఈసారి చూడండి, మీకే తెలుస్తుంది. నేర్చుకునేవాళ్లకి "స్టీరింగ్ సరిగా పట్టుకో" అని చెప్పేకంటే "ఆ చివరి చెట్టు చూడు" అని చెబితే బండి తిన్నగా పోతుంది.

సరే, మరి నెల్లాళ్లు డ్రైవింగ్ స్కూల్లో ఏం జరిగింది? పిల్లని అడిగితే చెప్పింది. అక్కడి కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. ఉండాలి కూడా, నేర్పే బండికి అవి తప్పనిసరి అని రూల్సే చెబుతున్నాయి. కాని ఇంజను ఆగిపోబోయిన ప్రతిసారీ నేర్పే ఆయన తన క్లచ్ తొక్కేసేవాడు. స్టీరింగ్ అటూ ఇటూ అయితే చెయ్యి చాచి తనే తిప్పేవాడు. పైగా రోజూ తిట్లు. బండి బాగానే పోయింది, ఒక్కసారీ ఆగిపోలేదు. దీని పాదానికి మాత్రం ఆ రెండు వేళ్ల మందం ఎక్కడుందో తెలియలేదు.

ఇది వింటుంటే నాకు రెండు పిల్లికూనలు గుర్తొచ్చాయి. రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ 1963లో ప్రచురించిన ప్రయోగం అది. చీకట్లో పెంచిన కూనల్ని రోజూ కాసేపు జంటలుగా వెలుతురులోకి తెచ్చి, ఒక గుండ్రటి గదిలో రంగులరాట్నం లాంటి దానికి కట్టారు. ఒక కూన తన కాళ్లతో నడుస్తుంది. రెండోది తొట్టెలో కూర్చుంటుంది, మొదటిది ఎటు తిరిగితే అది అటు తిరుగుతుంది. రెండూ చూసే దృశ్యం ఇంచుమించు ఒకటే. కొన్నాళ్లకి పరీక్షించారు. నడిచిన కూన నేల దగ్గర పడుతుంటే ముందే కాళ్లు చాపింది, లోతు ఉన్నవైపు పోకుండా తప్పుకుంది. తొట్టెలో కూర్చున్న కూనకి అవి రాలేదు. తర్వాత స్వేచ్ఛగా తిరగనిస్తే అదీ కొద్ది రోజుల్లోనే నేర్చుకుంది. కన్ను చూసిందాన్ని కాలు చేసిన పనితో ముడిపెట్టుకున్నప్పుడే మెదడుకి ఆ చూపు పనికొస్తుంది.

మన ఇళ్లలో ఏం జరుగుతుందో ఒకసారి ఆలోచించండి. మగపిల్లాడికి పదిహేనేళ్లు రాకుండానే, చట్టం ఒప్పుకోకపోయినా, ఎవరో ఒకరు బండి తాళం ఇస్తారు. పద్దెనిమిది నిండేసరికి వాడు ఎన్నో వందల గంటలు రోడ్డు మీద తన చేతులతో తిరిగి ఉంటాడు. ఎదురొచ్చే ఆటో ఎటు తిరగబోతోందో వాడికి తెలుస్తుంది. ఆడపిల్ల అదే రోడ్డు మీద, అదే బండి మీద, వెనక సీట్లో కూర్చుని ఉంటుంది. ఇరవై నాలుగేళ్లకి ఇద్దర్నీ కారులో కూర్చోబెట్టి, వాడికి ధైర్యం ఉంది, దీనికి లేదు అంటాం. అది నిజం కాదు. ఆ అమ్మాయికి ఇన్నాళ్లూ తొట్టెలో చోటిచ్చింది మనమే. ఈ అన్యాయాన్ని భయం అనే పేరుతో ఆ పిల్ల మీదికే నెట్టేయడం నాకు బాధగా ఉంటుంది. పుస్తకాల ధ్యాసలో బండి జోలికి పోని మగపిల్లలదీ ఇదే కథ. వాళ్లు సిగ్గుతో పైకి చెప్పరు.

రెండో రోజు నేను ఎక్స్‌లేటర్ అన్న మాటే ఎత్తలేదు. చదును రోడ్డు మీద కుడికాలు బ్రేకు దగ్గర ఉంచమన్నాను. ఎడమకాలితో క్లచ్ ఒక్కటే మెల్లగా వదలమన్నాను. ఒక చోట ఇంజను గొంతు బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా పైకి లేచినట్టుంటుంది. అక్కడ ఆపు, మళ్లీ తొక్కెయ్. మళ్లీ వదులు. పెట్రోలు బండి కూడా ఖాళీ చదును నేల మీద ఎక్స్‌లేటర్ లేకుండా మెల్లగా పాకుతుంది. పదో పన్నెండో సార్లయ్యాక అడిగాను, "ఎక్కడుంది?" "చెప్పలేనత్తా, కాలికి తెలుస్తోంది" అంది. ఆ మాట కోసమే కూర్చున్నాను.

ఎందుకంటే కాలికి తెలియడం, మనకి తెలియడం మెదడులో రెండు వేరు వేరు పద్దులు. 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గడానికి మెదడులో కొంత భాగం తీసేశారు. ఆ తర్వాత అతనికి కొత్త సంగతులేవీ గుర్తుండేవి కావు. బ్రెండా మిల్నర్ అతనికి ఒక పని ఇచ్చింది. కాగితం మీద నక్షత్రం బొమ్మ ఉంటుంది. దాన్నీ తన చేతినీ అద్దంలో మాత్రమే చూస్తూ దాని అంచుల మధ్య గీత గీయాలి. మూడు రోజుల్లో అతను చక్కగా గీయడం నేర్చుకున్నాడు. అంతకుముందు ఆ పని చేసినట్టే అతనికి గుర్తులేదు! కబుర్లు దాచుకునే చోటు వేరు, పనులు దాచుకునే చోటు వేరు. పనుల పద్దు చిన్నమెదడు దగ్గరా, మెదడు అడుగున ఉండే బేసల్ గాంగ్లియా దగ్గరా నడుస్తుంది. ఆ పద్దులోకి ఉపన్యాసాలు ఎక్కవు. చేసిన పనే ఎక్కుతుంది. అదీ కొంత నిద్రలో స్థిరపడుతుంది. అందుకే వారానికోసారి మూడు గంటలు నడిపేకంటే రోజూ అరగంట మేలు. పిల్లకి సెలవు దొరికిన పది రోజులూ మేం అలాగే చేశాం.

మూడో రోజు నేను చేయించిన పని చూసి మా తమ్ముడు కోప్పడ్డాడు. "కావాలని బండి ఆపేయ్" అన్నాను. క్లచ్ ఒక్కసారి వదిలెయ్, ఆగిపోనీ. ముందు దాని ఫోన్లో రాయించాను, ఆగిపోతే ఏమవుతుందని నీ భయం అని. "వెనక బస్సు గుద్దేస్తుంది. మళ్లీ స్టార్ట్ కాదు. అందరూ చూస్తారు" అని రాసింది. పదిసార్లు ఆపించాను. క్లచ్, హ్యాండ్ బ్రేక్, న్యూట్రల్, తాళం. మొదటిసారి వేళ్లు తడబడ్డాయి. పదోసారికి ఆరు సెకన్లు పట్టింది, నేను వాచీ చూశాను. మనసు ఊహించిన ఆపదకీ జరిగినదానికీ తేడా ఎంత ఎక్కువుంటే భయం అంత బాగా సడలుతుంది. ఇప్పుడు భయాలకి వైద్యం చేసేవాళ్లలో చాలామంది ఈ సూత్రం మీదే పనిచేస్తున్నారు.

దీనికి పాత చుట్టం ఒకటుంది. 1924లో మేరీ కవర్ జోన్స్ పీటర్ అనే మూడేళ్ల పిల్లాడి కథ ప్రచురించింది. వాడికి కుందేలంటే హడల్. వాడు ఇష్టమైనది తింటూ కూర్చున్నప్పుడు బోనులో కుందేల్ని గదిలో దూరంగా పెట్టేది. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి జరిపేది. చివరికి వాడు తన వేళ్లని కుందేలు కొరుకుతున్నా నవ్వాడు. ముప్పై ఏళ్ల తర్వాత జోసెఫ్ వోల్పే దీన్ని ఒక పద్ధతిగా మలిచి 1958లో పుస్తకం రాశాడు. దగ్గరికి తేవడం ఎంత ముఖ్యమో, దూరంగా మొదలుపెట్టడం అంతే ముఖ్యం. మొదటిరోజే గాజువాక ట్రాఫిక్‌లోకి తోసి "అదే అలవాటవుతుంది" అనేవాళ్లు కుందేల్ని పిల్లాడి ఒళ్లో పడేస్తున్నారు. అసలు కారే తీయకుండా "ధైర్యం వచ్చాక నడుపుతాలే" అనేవాళ్లదీ పొరపాటే. వాయిదా వేసిన ప్రతిసారీ గుండె తేలికపడుతుంది. ఆ తేలికే బహుమతి అయి, తర్వాతి వాయిదాకి దారి వేస్తుంది.

ఇక్కడ చాలామందిని కుంగదీసే సంగతి ఒకటి చెప్పాలి. తగ్గిన భయం చెరిగిపోదు. దాని మీద కొత్త అనుభవం పేరుకుంటుంది, అంతే. పావ్లోవ్ కుక్కల్లోనే ఇది కనపడింది. గంట మోగితే తిండి వస్తుందని నేర్చుకుని, తర్వాత తిండి రాక గంటకి నోరూరడం మానేసిన కుక్కకి కొంత విరామం ఇచ్చి మళ్లీ గంట కొడితే మళ్లీ నోరూరింది. చోటు మారినా అంతే, పాతది తిరిగొస్తుంది. ఉక్కునగరంలో హాయిగా నడిపిన పిల్ల కూర్మన్నపాలెం జంక్షన్‌లో హైవే కనపడగానే బిగుసుకుపోయింది. రెండు నెలలు బండి తీయనివాళ్లకీ అలాగే ఉంటుంది. "అంతా మర్చిపోయాను, మళ్లీ మొదటికొచ్చింది" అని దిగిపోతారు. మొదటికి రాలేదు. కాలికి తెలిసింది కాలిలో ఉంది. పది చోట్ల, పగలూ రాత్రీ, వానలో, పక్కన మనిషి మారినప్పుడూ నడిపితే ఆ కొత్త అనుభవం అన్నిచోట్లకీ పాకుతుంది.

బిగుసుకుపోయిన ఆ నిమిషంలో చేయదగినది ఒక్కటే, పక్కకి తీసి ఆపి నెమ్మదిగా ఊపిరి వదలడం. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వేగస్ నరం చేసే పని అది. వదలడం పొడుగు చేస్తే ఆ నెమ్మదికి ఎక్కువ చోటు దొరుకుతుంది. పిల్ల ఐదారుసార్లు వదిలి మళ్లీ తాళం తిప్పింది.

ఇక జడ్జిమెంట్. డ్రైవర్లందరూ వాడే మాట ఇది. "క్లచ్ వస్తుందండీ, జడ్జిమెంట్ రావాలి" అంటారు. కారు ఎడమ మూల ఎక్కడుందో కంటికి కనపడదు, అయినా తెలియాలి. 1996లో జపాన్‌లో అత్సుషి ఇరికి బృందం కోతులకి చిన్న పార ఇచ్చి దూరంగా ఉన్న తిండిని లాక్కోవడం నేర్పింది. చెయ్యి చుట్టూ ఉన్న చోటుకి స్పందించే కొన్ని మెదడు కణాలు, పార వాడాక, పార పొడవునా ఉన్న చోటుకి కూడా స్పందించాయి. మెదడు లెక్కలో చెయ్యి పొడుగైంది. కారు విషయంలోనూ జరిగేది ఇలాంటిదే అనుకుంటాను. అది జరగాలంటే కొలిచి చూసుకోవాలి. ఖాళీ వాటర్ బాటిల్ ఒకటి రోడ్డు పక్కన నిలబెట్టి, దానికి ఒక జానెడు దూరంలో ఆపమన్నాను. "ఇంక చాలు, తగిలేస్తుంది" అని ఆపింది. దిగి చూస్తే బాటిల్‌కీ బంపర్‌కీ మధ్య మనిషి పడుకోవచ్చు. ఎక్కింది, మళ్లీ ఆపింది, మళ్లీ దిగింది. తొమ్మిదోసారికి రెండు జానలు. ఇరుకు సందులంటే ఉన్న చచ్చేంత భయం ఆ గంటలో సగం తగ్గింది.

భయం పూర్తిగా పోవాలని మాత్రం నేను కోరుకోను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. నేర్చుకునేవాళ్లు భయపడేదేమో బండి ఆగిపోతుందని, హారన్ కొడతారని. వాటితో ఎవరూ చావరు. వేగం 40 నుంచి 80కి పెరిగితే బండిలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ 80 దగ్గర, చేయి తిరిగిందన్న ధీమా వచ్చాక, చాలామందికి భయమే వేయదు. ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లోనే ప్రమాదాలు ఎక్కువని చాలా దేశాల లెక్కల్లో తేలింది. భయాన్ని క్లచ్ దగ్గర్నుంచి తీసి స్పీడోమీటర్ దగ్గర, సీటు బెల్టు దగ్గర, పక్కన వెలిగే ఫోన్ దగ్గర పెట్టాలి. పిల్లకి నేను గట్టిగా చెప్పింది ఇదొక్కటే.

పదో రోజు సాయంత్రం బీచ్ రోడ్డు మీంచి పాండురంగాపురం ఎత్తు ఎక్కుతున్నాం. ముందు ఒక ఆటో ఆగింది, దాని వెనక మేం. వెనకాల బైకు. హైదరాబాద్ హాస్టల్లో పెంచిన అద్దె గురించి పిల్ల చెబుతోంది, ఎవరితో ఏం మాట్లాడిందో, వాళ్లు ఏమన్నారో. ఆటో కదిలింది. దీని చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద ఉంది, ఎడమకాలు పైకొచ్చింది, ఇంజను గొంతు బరువెక్కింది, చెయ్యి బ్రేకు దించింది. బండి బెత్తెడు కూడా వెనక్కి జారకుండా ఎక్కింది. "...అడ్వాన్స్ తిరిగివ్వరట, చూడు" అని తన మాట పూర్తి చేసింది.